దీపావళి నుంచి నాగులచవితి దాకా: కెమెరాతో ఆరు రోజులు

శరదృతువు ఫోటోలు అని ఫోన్‌లో వెతికితే వచ్చేవన్నీ ఎర్రటి ఆకులే. దారి పొడుగునా ఆకులు, బెంచీ మీద ఆకులు, ఆకుల్లో దొర్లుతున్న కుక్కపిల్ల. మా రాజమండ్రిలో ఆ వేషాలు కుదరవు. మాకు ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. కొబ్బరి చెట్టుకైతే ఋతువుతో పనే లేదు, ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు ఓ మట్ట రాలుస్తుంది, కింద మన బండి ఉంటే అద్దం పోతుంది, అంతే.

మరి మా శరత్తు ఎక్కడుంటుందంటే, నన్నడిగితే నీళ్ళలో ఉంటుంది. ఆషాఢంలో ఎర్రనీరు వచ్చిన దగ్గర్నుంచి టీ రంగులో పరిగెట్టిన గోదావరి, ఆశ్వయుజం దాటేసరికి నెమ్మదిస్తుంది, ఒండ్రు కిందికి దిగుతుంది, లంకలు బయటపడతాయి, వాటి మీద రెల్లు పూస్తుంది. పులస పేరెత్తడం మానేసి జనం ప్రమిదల ధర అడగడం మొదలెడతారు. ఈ మార్పునే ఫోటోలు తీద్దామని ఈసారి సెలవు పెట్టాను. దీపావళి ముందురోజు నుంచి నాగులచవితి దాకా ఆరు రోజులు. దూరాలు వెళ్ళను, ఊళ్ళో, ఊరి చుట్టుపక్కల, మహా అయితే మా అక్కావాళ్ళ ఊరి దాకా.

సామాను సంగతి కూడా చెప్పేస్తా. పాత నికాన్ కెమెరా, 35 ఎం.ఎం. లెన్స్ ఒకటి, అది దూరాన్ని దగ్గరికి లాగదు. జూమ్ లెన్స్ రిపేరుకి ఇచ్చి రెండు నెలలైంది, ఎప్పుడు ఫోన్ చేసినా "రేపు రండి సార్" అంటారు. ఆ రేపు ఇంకా రాలేదు.

మొదటి రోజు, నరక చతుర్దశి

తలంటు పోసుకోకుండా గడప దాటితే ఊరుకోనంది అమ్మ. సరే అని నాలుగింటికే లేచి, ఆ నూనె వదలకముందే బండేసుకుని కడియపులంక పూల మార్కెట్‌కి వెళ్ళాను. వెళ్ళేసరికి ఇంకా చీకటే, కానీ అక్కడ అప్పటికే సగం బేరాలైపోయాయి. బంతిపూలు బస్తాల్లో, చామంతులు గంపల్లో. బస్తా మూతి విప్పి పరదా మీద గుమ్మరిస్తుంటే పూలు పడే చప్పుడు వాన మొదలైనట్టే ఉంటుంది.

బంతి రంగు కెమెరాకి ఒక పట్టాన లొంగదు. మామూలుగా తీస్తే ఎరుపంతా పొంగిపోయి పువ్వు కాస్తా ప్లాస్టిక్ ముద్దలా వస్తుంది. ఒక స్టాప్, అంటే వెలుగు సగానికి, తగ్గించి తీస్తేనే రేకలు విడివిడిగా కనబడతాయి. ఇది తెలుసుకోడానికి నాకు మూడు దీపావళులు పట్టింది. ఫోకస్ కోసం కిందికి వంగి, నిలదొక్కుకోడానికి చెయ్యి పూలరాశిలో పెట్టాను. లోపల గోరువెచ్చగా ఉంది! రాత్రంతా బస్తాలో కుక్కి ఉంటే పూలు వేడెక్కుతాయట, అందుకే రాగానే గుమ్మరించి ఆరబెడతారు. పక్కనే బేరమాడుతున్నాయన ఆ రాశిలోంచి గుప్పెడు తీసి పిండినట్టు నొక్కి, "నీళ్ళు జల్లారుగా, ఆ బరువు తగ్గించి కట్టండి" అన్నాడు. అమ్మే ఆవిడ ఏమాత్రం తొణక్కుండా "ఆయ్, మంచు అండీ అది" అంది. అక్టోబరు ఆఖర్లో అంత మంచెక్కడిది? నేను నవ్వాను, ఆవిడా నవ్వింది. ఆ నవ్వు మాత్రం తీయలేకపోయాను, చేతులు తడి.

తిరుగుదారిలో నర్సరీల్లో ఓ గంట తిరిగాను. మట్టీ కొబ్బరిపొట్టూ కలిపి కవర్లు నింపే ఆడవాళ్ళు, వరసలో కూర్చుని ఒకే తూగులో. పండగైనా పని ఆగలేదు. అక్కడ తీసినవి బానే వచ్చాయి గానీ కొత్తగా ఏమీ లేవు, కడియం వెళ్ళిన ప్రతివాడూ తీసేవే.

రెండో రోజు, అమావాస్య

పగలంతా బజార్లో తిరగడం శుద్ధ దండగ. మెయిన్ రోడ్డు మీద కెమెరా పైకెత్తితే చాలు, ఎవరిదో మోచెయ్యి తగులుతుంది. ప్రమిదల బండ్లు, టపాకాయల సంచులు, మొహం ఎదురుగా ఊగే అరటి పిలకలు. పది ఫోటోలు తీసి ఇంటికొచ్చి పడుకున్నాను.

అసలు పని సాయంత్రం. చీకటి పడుతుండగా మా సందులో పిల్లలు గోగుకాడలు పట్టుకొచ్చారు. తెలియని వాళ్ళుంటే చెబుతాను: గోగుకాడ చివర పాత గుడ్డ పేలికలు కట్టి, నూనెలో ముంచి, వెలిగించి, వాకిట్లో నేలకేసి కొడుతూ "దిబ్బూ దిబ్బూ దీపావళీ, మళ్ళీ వచ్చే నాగులచవితీ" అని పాడాలి. పాడాక కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళి తీపి తినాలి. ఆ తర్వాతే టపాకాయలు. చిన్నప్పుడు మాకు ఆ పాట అయ్యేదాకా ఆగడం ఎంత కష్టంగా ఉండేదో! పాటలోనే ఓదార్పు ఉంది చూడండి, ఇవాళ అయిపోయిందని ఏడవకు, నాలుగు రోజుల్లో చవితి ఉంది, మిగిల్చిన టపాకాయలు అప్పుడు కాలుద్దువు అని.

తీయడం మాత్రం చచ్చేంత పని. మంట సరిగా వస్తే పిల్లల మొహాలు నల్లగా ఉంటాయి, మొహాలు వస్తే మంట తెల్లటి మచ్చ. ఫ్లాష్ వేస్తే అసలు దీపావళే పోతుంది. ఎదురింటి బామ్మగారు అరుగు మీంచి చూసి చూసి, "గుడ్డ అంటుకోగానే కాదు నాయనా, కాస్త నిలదొక్కుకోనీ, అప్పుడు మొహాల మీదకొస్తుంది వెలుగు" అన్నారు. ఆవిడ జన్మలో కెమెరా ముట్టుకోలేదు. ఆవిడ చెప్పినట్టే ఆగాను. మంట తగ్గుముఖం పట్టి పసుపురంగుకి తిరిగినప్పుడు, ఎనిమిదేళ్ళ పిల్లొకతి "చవితీ" అని నోరంతా తెరిచిన క్షణం దొరికింది. ముందుపళ్ళు రెండూ లేవు. కొంచెం కదిలింది ఫోటో, అయినా ఆ రోజుకి అదే.

మూడో రోజు, కార్తీక శుద్ధ పాడ్యమి

రాత్రి పన్నెండు దాకా మోత, పొద్దున్న నాలుగింటికి శివుడి గుళ్ళో మైకు. మధ్యలో నిద్రపోయిన వాళ్ళు అదృష్టవంతులు. కార్తీక స్నానాలు మొదలు. పుష్కర ఘాట్‌కి వెళ్ళాను. వెళ్ళగానే లెన్స్ తెల్లగా ఆవిరి పట్టేసింది, ఏసీ గదిలోంచి తిన్నగా ఏటి ఒడ్డుకి తెస్తే అంతే మరి. తుడిస్తే మళ్ళీ పడుతుంది. పది నిమిషాలు మెట్ల మీద కూర్చున్నాను, చూడటం తప్ప వేరే పని లేక.

బాగా చూశాననుకుంటా ఆ పది నిమిషాలూ. ఒకావిడ అరటి దొప్పలో ప్రమిద కాకుండా పిండిదీపం పెట్టింది. ఉసిరికాయంత ముద్ద, మధ్యలో వేలితో నొక్కిన గుంట, అందులో నెయ్యి, నేతిలో తడిపిన వత్తి. దొప్ప అంచుకి నాలుగు బంతిరేకలు. నీళ్ళలో పెట్టి చేత్తో వెనకనుంచి నీళ్ళని తోసింది, దొప్పని కాదు. దొప్పని తోస్తే ఒరుగుతుందట. అది రెండు జానలు వెళ్ళింది, మళ్ళీ వెనక్కొచ్చింది. మళ్ళీ తోసింది. మూడోసారికి అసలు ప్రవాహం అందుకుని వెళ్ళిపోయింది. వరదరోజుల్లో అయితే పెట్టీ పెట్టగానే కొట్టుకుపోయేది, ఇప్పుడు ఏరు తీరిగ్గా ఉంది. నేను చెప్పిన శరత్తు అదే. లెన్స్ తేరుకునేసరికి ఆవిడ తడిచీర కొంగు పిండుకుంటూ మెట్లెక్కుతోంది. "అమ్మా, ఇంకోటి వదులుతారా?" అని అడగబోయి సిగ్గేసి ఊరుకున్నాను.

మా ఊళ్ళో ఒక తమాషా ఉంది. ఊరు ఏటికి తూర్పున ఉంటుంది కనక పొద్దున్న సూర్యుడు మన వీపు వెనక, మేడల మీంచి వస్తాడు. సూర్యోదయం తీద్దామని ఘాట్‌కి వచ్చే బయటి ఊరి వాళ్ళు ఏటి వైపు చూస్తూ నిలబడి, ఏడింటికి మనల్ని అడుగుతారు, "ఏదండీ?" అని. నీళ్ళ మీద సూర్యుడు కావాలంటే సాయంత్రం రావాలి, కొవ్వూరు వైపు దిగుతాడు. పొద్దున్న బాగుండేది ఎదురుగా పడే వెలుగు. 1900లో రైళ్ళు మొదలై దాదాపు వందేళ్ళు మోసి 1997లో విశ్రాంతి తీసుకున్న హేవలాక్ వంతెన స్తంభాల మీద ఆ ఎండ పడితే రాయి తేనెరంగులోకి మారుతుంది. దాని వాడకం పోయింది గానీ అందం పోలేదు. దాని బదులు వచ్చిన కమాన్ల వంతెన మీద రైలు వెళుతుంటే ఇప్పటికీ కిటికీల్లోంచి చేతులు బయటికొస్తాయి, చిల్లర పడుతుంది. కింద పడవలో ఒకతను తాడుకి అయస్కాంతం కట్టి నీళ్ళలో ఈడుస్తున్నాడు. అయస్కాంతానికి అంటుకునేది ఇప్పటి స్టీలు నాణెమే, పాత రాగి కానులు అంటుకోవు. "దొరికిందా?" అని ఒడ్డు మీంచి కేకేస్తే అయస్కాంతం ఎత్తి చూపించాడు: రెండు రూపాయి బిళ్ళలు, ఒక సీసా మూత, ఒక తుప్పుపట్టిన మేకు. నాకు కావలసిన ఫోటో అదే గానీ, పడవ దూరం, నా జూమ్ ఎక్కడుందో మీకు తెలుసు.

సాయంత్రం ధవళేశ్వరం. 1847లో మొదలెట్టి 1852కల్లా కాటన్ దొర ఆనకట్ట కట్టించాడు, ఇప్పుడున్నది దాని తర్వాత కట్టిన బ్యారేజీ, 175 గేట్లు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. ఇక్కడ ఆపిన నీళ్ళే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలవల్లోకి వెళ్ళి మా అక్కావాళ్ళ చేను దాకా పోతాయి. 1986 వరదంటే మా అమ్మ తరం ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడుతుంది. ఇవాళ మాత్రం గేట్ల కింద నీళ్ళు పలచగా జారుతున్నాయి, ఆ జారే చోటే కొంగలు బారులు తీరి నిలబడ్డాయి. జల్లెడ దగ్గర కూర్చుని చేపల్ని ఏరుకున్నట్టే ఉంది వాటి వ్యవహారం.

నాలుగో రోజు, విదియ

భగినీహస్త భోజనం. అక్క చేతి అన్నం తినకపోతే యముడికి కోపం వస్తుందో లేదో గానీ అక్కకి వస్తుంది. బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా కాలవ గట్టు దారిలో బయల్దేరాను. లొల్ల లాకుల దగ్గర ఆగకూడదనుకున్నాను, ఆగాను. పెళ్ళి ఫోటోల వాళ్ళు మూడు జంటల్ని మూడు చెట్ల కింద నిలబెట్టి ఉన్నారు. వెంటనే బయటపడ్డాను.

ఆత్రేయపురంలో మాత్రం గంటన్నర. పూతరేకుల దుకాణాలు రోడ్డు మీద ఎన్నో, కానీ రేకు తీసేది ఇళ్ళ వెనక. ఒకింట్లో అడిగితే పెద్దావిడ, "ఆయ్, రండి బాబూ, పొగకి కళ్ళు మండుతాయి, ఆ గుమ్మం పక్కన నిలబడండి" అంది. బోర్లించిన కుండ, పక్కనుంచి మంట, ఎండు కొబ్బరాకు తోస్తోంది ఒక్కొక్కటే. బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బిన పల్చటి పిండినీళ్ళలో జానెడు పల్చటి గుడ్డ ముంచి, రెండు చేతులా పట్టుకుని కుండ మీదుగా ఒక్క లాగు లాగుతుంది. అంతే. తడి మరకలా కనబడ్డది కళ్ళముందే పొరగా మారి అంచులు లేస్తాయి. గోటితో అందుకుని తీసి పక్కన పెడుతుంది. మళ్ళీ గుడ్డ. నేను ఇరవై లెక్కపెట్టి ఆపేశాను, ఆవిడ చెయ్యి ఆగలేదు.

ఆ రేకుని వెలుగుకి అడ్డంగా పట్టుకోమన్నాను. పట్టుకుంది. రేకులోంచి ఆవిడ వేళ్ళు, వేళ్ళ కొసల మీద ఎప్పటివో కాలిన మచ్చలు, అన్నీ కనబడుతున్నాయి. 2023లో ఈ పూతరేకుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఏమైనా తేడా తెలిసిందా అని అడిగాను. "ఫోటోలకొచ్చేవాళ్ళు ఎక్కువయ్యారండి" అంది. నన్నే అన్నదేమో తెలీదు. రెండు పెట్టెలు కొనుక్కుని బయటపడ్డాను, ఒకటి బెల్లంది, ఒకటి పంచదారది. అక్కకి బెల్లందే ఇష్టం.

రావులపాలెం, కొత్తపేట దాటి అంబాజీపేట దగ్గర అక్కావాళ్ళ ఊరు చేరేసరికి ఒంటిగంట. దారిలో కొబ్బరి ఒలుపు చూసి కూడా ఆగలేదంటే ఎంత భయపడ్డానో అర్థం చేసుకోండి. "ఏరా, కెమెరాకి పెట్టనా, నీకు పెట్టనా?" అంది అక్క గుమ్మంలోనే. కంద బచ్చలి కూర, గుమ్మడికాయ పులుసు, పెరుగావడలు. వడ్డిస్తుంటే ఫోటో తీయబోతే, చెమట పట్టి ఉన్నాను వద్దంది. తర్వాత చీర మార్చుకుని వచ్చి సోఫాలో బిగుసుకుని కూర్చుని ఇప్పుడు తియ్యమంది. తీశాను. ఫోటో స్టూడియోలో పాస్‌పోర్టుకి కూర్చున్నట్టుంది. అక్కకి అదే నచ్చింది, వాట్సాప్‌లో పెట్టుకుంది.

సాయంత్రం బావతో కలిసి ఒలుపు రాశి దగ్గరికెళ్ళాను. నేలలో పాతిన ఇనప మొనకి కాయని గుచ్చి, మెలితిప్పి, మూడు పోట్లలో డొక్క ఊడదీస్తారు. కాయకి పది సెకన్లు పట్టదు. వేగంగా తీస్తే చెయ్యి బిగుసుకుపోయినట్టొచ్చింది, నెమ్మది షట్టర్ పెడితే చెయ్యి మాయమై కాయలు మాత్రం వచ్చాయి. రెండోదే నిజానికి దగ్గరనిపించింది.

ఐదో రోజు, తదియ

రాత్రే గాలి మొదలైంది. అల్పపీడనం. పొద్దున్నకి వాన ఆగింది గానీ మబ్బు అలాగే ఉంది. నాకేమో లోపల్లోపల సంతోషం, మబ్బు పట్టిన వెలుగులో పచ్చదనం ఎంత బాగా వస్తుందో తీసేవాళ్ళకి తెలుసు. ఈ రోజుల్లో సార్వా వరి గింజ గట్టిపడుతూ ఉంటుంది. పైనుంచి లేత పసుపు దిగుతుంటుంది, కింద ఇంకా పచ్చే. ఒకే చేలో రెండు రంగులు. మన ఆకురాలు కాలం అంటే ఇదే అని నేను ముందునుంచీ అనుకుంటున్నది.

గట్టు మీద మోకాళ్ళూని కూర్చుని వరి వెన్ను మీద వానచుక్కలు తీశాను. ఒక్కో చుక్కలో తలకిందులుగా కొబ్బరిచెట్టు! బావ వెనకనుంచి అరిచాడు, "పొద్దున్నించీ ఒక్క కంకినే తీస్తున్నావేంటి బావా, మిగతావి అలుగుతాయి" అని.

అప్పుడు చూశాను మిగతావి. అవతలి మడి సగం పైగా పడిపోయి ఉంది. దువ్వెనతో ఒకపక్కకి దువ్వినట్టు పడుకుంది చేను. గింజ ఇంకా పూర్తిగా నిండలేదు, నీళ్ళలో నానితే తాలుపోతుంది, లేకపోతే మొలకెత్తుతుంది. ఆ చేను ఆయన గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. బావకి బాబాయి వరస. నాకు కెమెరా ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఆయనే పిలిచాడు. "బాబుగారూ, ఎలాగూ తెచ్చారు కదా, నా చేను కూడా తీసిపెట్టండి. పంటనష్టం రాయడానికొచ్చిన వాళ్ళకి చూపిస్తాను."

తీశాను. నీళ్ళలో వాలిన వెన్నులు, వాటి మీద మబ్బు నీడ, బురదలో ఆయన కాలిముద్ర, నాలుగు కంకుల్ని కట్టగా లేవనెత్తి పట్టుకున్న ఆయన చేతులు. ఆయన నంబరు బావ దగ్గరుంది, రాత్రికే ఏడు ఫోటోలు పంపించాను. నా మటుకు నాకు ఆ ఆరు రోజుల్లో అవే మంచి ఫోటోలు అనిపించింది. ఆ మాట అనుకున్నందుకు కొంచెం ఇబ్బందిగానూ అనిపించింది.

ఆరో రోజు, నాగులచవితి

ఎండ కాసింది. కాలవ గట్టు మీద పుట్ట చుట్టూ పొద్దున్నే జనం. పుట్టలో పాలు, గుడ్లు, చలిమిడి, చిమ్మిలి. పుట్టమన్ను తీసి చెవులకి పెట్టుకుంటున్నారు. మా మేనకోడలికి పెడితే చక్కిలిగింతలని తప్పించుకుంది. నా లెన్స్ అంచుకి కూడా అంటిందా మట్టి, అక్క చూసి "పోన్లేరా, దానికీ చెవులు బాగా వినిపిస్తాయి" అంది. పిల్లలు దాచుకున్న టపాకాయలు తీశారు. సగం వానకి మెత్తబడ్డాయి, తుస్సుమన్నాయి. రెండోరోజు సందులో పళ్ళులేని పిల్ల పాడిన చవితి ఇది.

మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దాటి జొన్నాడ వైపు దిగి, బండి పక్కన పెట్టాను. లంక మీద రెల్లు. పూత చివరికొచ్చింది, గాలికి దూది రేగుతోంది. సూర్యుడు ఎదురుగా ఉంటే ప్రతి వెన్ను చుట్టూ తెల్లటి గీత వస్తుంది, వెనక నుంచి చూస్తే ఉత్త గడ్డి. మూడు నెలల కింద ఈ లంక నీళ్ళలో ఉందంటే నమ్మలేం. ఏటినీళ్ళు ఒడ్డు దగ్గర కింద ఇసక కనబడేంత తేటగా ఉన్నాయి. దీనికోసమే కదా సెలవు పెట్టింది అని తీస్తూ ఉండగా ఫోన్ మోగింది.

బావ. "బాబాయి అడగమన్నాడు బావా. నువ్వు పంపినవి బానే ఉన్నాయంట గానీ, మడి మొత్తం, గట్టు దాకా కనబడేది ఒకటి కావాలంట. అది ఎవరి చేనో, ఎంత పడిందో వాళ్ళకి తెలియాలి కదా."

రెల్లులో కూర్చుని కార్డంతా వెనక్కి తిప్పాను. చుక్కలున్నాయి, వెన్నులున్నాయి, చేతులున్నాయి, కాలిముద్ర ఉంది. గట్టు లేదు. ఒక్కదాన్లోనూ లేదు. 35 లెన్స్ కదా అని సర్దిచెప్పుకుందామనుకున్నా, పదడుగులు వెనక్కి వేస్తే పట్టేది. లేదా జేబులో ఫోనుంది.

"నీ ఫోన్‌తో నువ్వు తియ్యి బావా" అన్నాను.

అరగంటకి నాకూ ఒక కాపీ పంపాడు. వాలిపోయిన ఫోటో, కుడిపక్క మూల బావ వేలు. మడి మొత్తం ఉంది, నాలుగు గట్లూ ఉన్నాయి, సర్వేరాయి ఉంది, అవతల పుట్ట దగ్గర పొద్దున్న ఎగరేసిన పసుపు గుడ్డ కూడా ఉంది. బాబాయి అదే పంపాడట.